గిటారు పక్కన తత్వం: బెంగళూరు కచేరీల జ్ఞాపకాలు

ఉద్యోగం పేరిట 2007లో కడప జిల్లా నుంచి బెంగళూరు చేరేనాటికి, వేదిక మీద నిలబడి పాడటమంటే నాకు తెలిసినవి రెండే రకాలు. వినాయక చవితికో శ్రీరామనవమికో చందాలు పోగుచేసి పిలిపించే ఆర్కెస్ట్రా ఒకటి. అందులో గాయకుడు ఎంత గొప్పగా పాడినా, "అచ్చం సినిమాలో విన్నట్టే ఉంది" అన్నదే అతడికి దక్కే పెద్ద మెప్పు. రెండోది మా ఊళ్ళ భజన మందిరాల్లో తంబుర, కంజీర, చిడతలతో బాగా పొద్దుపోయేదాకా సాగే తత్వాలు, తిరునాళ్ళలో కాళ్ళకు గజ్జెలు కట్టి ఎగిరే చెక్కభజన. మొదటివారికి రొక్కం ఇచ్చేవారు, రెండోవారికి టెంకాయ, కండువా ఇచ్చి పంపేవారు. తన పాటకు తానే బాణీ కట్టుకొని, దాన్ని వినడానికి టికెట్టు కొనుక్కొని రమ్మని పిలిచే మనుషులు ఉంటారని, ఆ పిలుపు విని శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి వెళ్ళే జనం కూడా ఉంటారని నాకు బెంగళూరులోనే తెలిసింది. ఆ తరవాత చాలా ఏళ్ళు నేనూ ఆ జనంలో ఒకణ్ణయ్యాను.

అప్పటి మారతహళ్ళి సగం ఆంధ్రదేశమే. మా పీజీ నడిపే ఆయనది నెల్లూరు, వంటామెది ఒంగోలు పక్క పల్లె, మెట్లు దిగితే కర్రీ పాయింటు, దాన్ని దాటితే ఆంధ్రా మెస్సు. ఒక్క ముక్క కన్నడం రాకుండా ఐదేళ్ళు హాయిగా గడిపినవారు మా గదిలోనే ఉండేవారు. నేనూ వారి దారినే పోయేవాణ్ణేమో గానీ, ఆఫీసులో నా పక్క సీటు దావణగెరె కుర్రాడు ఒకరోజు తన హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించాడు. అది 2008లో వెలువడిన రఘు దీక్షిత్ తొలి ఆల్బమ్. కొన్ని పాటలు హిందీ, కొన్ని కన్నడం. గిటారు, బేస్, వయొలిన్. పాడే గొంతులో మాత్రం శాస్త్రీయ కచేరీల నునుపూ లేదు, సినిమా పాటల పాలిషూ లేదు. పొలంలో దూరంగా ఉన్నవాణ్ణి కేకేసి పిలిచే గొంతు అది. సినిమాతోనూ పెద్ద మ్యూజిక్ కంపెనీలతోనూ పని లేకుండా సొంతంగా నడిచే ఇలాంటి సంగీతాన్ని ఇండీ అంటారని, జానపదాన్ని రాక్ వాద్యాలతో కలిపితే ఫోక్ రాక్ అంటారని అతడే చెప్పాడు. పేర్ల సంగతి నాకు అంతగా పట్టలేదు గానీ, ఆ ఏడాది చివర్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉత్సవంలో ఈయనే పాడుతున్నాడంటే మాత్రం వెంట పోయాను.

కాలేజీ మైదానంలో కుర్చీలు లేవు. జనమంతా నిలబడే ఉన్నారు. రఘు దీక్షిత్ రంగురంగుల లుంగీ కట్టి, కాళ్ళకు గజ్జెలతో వేదిక మీదికి వచ్చాడు. మైసూరులో పెరిగి భరతనాట్యం నేర్చుకొని, మైక్రోబయాలజీ చదివి, పంతం మీద గిటారు పట్టుకొన్న మనిషి అని తరవాత చదివాను. ఆ పూట నా కంటికి మాత్రం మా చెక్కభజన గురువు మెడలో ఎవరో గిటారు వేసినట్టే అనిపించాడు. పాటకు పాటకు మధ్య ఆగి, పల్లవిని ముక్కలు చేసి జనానికి నేర్పించి, వాళ్ళు పాడితేగానీ చరణం ఎత్తుకొనేవాడు కాదు. గజ్జె కాలితో తాళం వేస్తుంటే ముందు వరసల్లోని పిల్లలు ఎగరడం మొదలుపెట్టారు, వెనక వరసల్లోని అధ్యాపకులు చేతులు కట్టుకొని చూస్తూ చూస్తూ చివరికి తలలైనా ఆడించక తప్పలేదు. ఆర్కెస్ట్రాల్లో పాడేవారు, వినేవారు వేరు వేరని అలవాటుపడిన నాకు, గాయకుడు జనం వంతు జనానికి పంచి ఇవ్వడం కొత్తగా తోచింది. మళ్ళీ ఆలోచిస్తే కొత్తేమీ కాదు. భజనలో గురువు ఒక పాదం అంటే మిగిలినవారు అందుకోవడం మా ఊళ్ళో రోజూ చూసినదే.

ఆ రాత్రి అన్నిటికన్నా ఎక్కువగా కేకలు పడిన పాట శిశునాళ షరీఫ్ రాసిన "గుడుగుడియ సేది నోడో". హుక్కా పీల్చి చూడరా అని పైకి సరదాగా పిలుస్తూ, ఒంట్లో ఉన్న రోగాన్ని వదిలించుకొమ్మని లోపల చెప్పే తత్వం. షరీఫ్ (1819–1889) ఇప్పటి హావేరి జిల్లా ప్రాంతపు కవి. ముసల్మాను ఇంట పుట్టి, గోవిందభట్టు అనే బ్రాహ్మణ గురువుకు శిష్యుడై, తత్వాలు కడుతూ జనంలో తిరిగినవాడు. దావణగెరె కుర్రాడు తిరుగు ప్రయాణంలో ఈ కథ చెబుతుంటే మా జిల్లావాడికి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? పోతులూరి వీరబ్రహ్మంగారు, ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. కందిమల్లాయపల్లె మాకు పెద్ద దూరం కాదు. "నందామయా గురుడ నందామయా" అని మా నాయనమ్మ పాడుతుంటే ముసలివాళ్ళ పాటలని పక్క గదిలో టీవీ శబ్దం పెంచుకొన్న ఇంట్లోనే నేను పెరిగాను. అదే రకం పాటను పొరుగు భాషలో, చెవులు దిమ్మెక్కే డ్రమ్సు నడుమ, వేలమంది ఇరవై ఏళ్ళ పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు పాడటం చూశాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆ పిల్లలకు షరీఫ్ పాట నోటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను చాన్నాళ్ళు వదల్లేదు. అడగ్గా అడగ్గా తెలిసిందేమంటే, ఆ నేల రాక్ బృందాలు రాకముందే దున్ని ఉంది. కువెంపు, బేంద్రే, కె.ఎస్. నరసింహస్వామి వంటి కవుల గీతాలను సినిమా బయట, వేదికల మీద పాడే సుగమ సంగీతం కన్నడిగులకు దశాబ్దాలుగా ఉంది. గాయకుడు సి. అశ్వత్థ్ షరీఫ్ తత్వాలను హార్మోనియం మీద అలా ఎలుగెత్తి పాడి ఇంటింటికీ చేర్చాడు. 2005లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆయన చేసిన "కన్నడవే సత్య" కచేరీకి ఎంత జనం వచ్చారో బెంగళూరు ఆటోవాలాలు కూడా కథలుగా చెప్పేవారు. మనకూ లలిత సంగీతం ఉంది, కృష్ణశాస్త్రి పాటలున్నాయి, బాలాంత్రపు రజనీకాంతరావు గారి బాణీలున్నాయి. కానీ అవి ఆకాశవాణి స్టూడియోల్లో పుట్టి రేడియో పెట్టెల్లోనే పెరిగాయి. రేడియో కట్టేసిన తరానికి అవి అందలేదు. కన్నడ పాట మైదానంలోకి వచ్చి నిలబడటం వల్ల దానికి గిటారు తగిలించడం తేలికయిందని, మన పాటకు ఆ మైదానమే లేకపోయిందని నా అభిప్రాయం. ఇది పండితులు ఒప్పుకోకపోవచ్చు.

కాలేజీ మైదానాల కన్నా అసలు పాఠశాలలు చిన్న వేదికలే. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో కైరా, బిఫ్లాట్. వైట్‌ఫీల్డ్ దారిలో కౌంటర్ కల్చర్. 2013 తరవాత ఇందిరానగర్‌లోనే 12వ మెయిన్ మీద హమ్మింగ్ ట్రీ. పట్టుమని రెండు మూడు వందలమంది పడితే నిండిపోయే చోట్లు. తలుపు దగ్గర రూ.300 నుంచి రూ.500 దాకా తీసుకొని మణికట్టు మీద రబ్బరు ముద్ర ఒకటి కొట్టేవారు. ఆ సిరా ఎంత తోమినా ఆదివారం పోయేది కాదు. సోమవారం ఉదయం మీటింగులో చొక్కా చేతులు మడిస్తే నీలంగా బయటపడి, ఎదుటి మనిషి మణికట్టు మీద కూడా అదే ముద్ర కనపడితే, అంతవరకు హలో కూడా చెప్పుకోని ఇద్దరం కాఫీ మిషను దగ్గర అరగంట మాట్లాడుకొనేవాళ్ళం. ఆ నగరంలో నాకు దక్కిన మంచి స్నేహాల్లో సగం ఆ ముద్ర పెట్టిన భిక్షే.

ఎనిమిదింటికని చెప్పిన కచేరీ తొమ్మిదిన్నరకు ముందు మొదలైన పాపాన పోలేదు. ఆ గంటన్నర వృథా అని అప్పట్లో విసుక్కొన్నా, సంగీతం ఎలా తయారవుతుందో కళ్ళారా చూసింది ఆ గంటన్నరలోనే. డ్రమ్సు వాయించే అబ్బాయి కాలికింది పెద్ద డ్రమ్ము ముందు తొడుగు తీసి, లోపల పాత దుప్పటి కుక్కి, ఒక్కో దెబ్బ కొట్టి సౌండు చూసే మనిషి వంక తిరిగేవాడు. ఆయన గది చివర బల్ల దగ్గర నుంచి బొటనవేలు పైకో కిందికో చూపేవాడు. దుప్పటి కాస్త లాగి మళ్ళీ కొట్టేవాడు. ఈ బేరం పది నిమిషాలు సాగేది. గాయకుడు మైకు ముందుకొచ్చి "చెక్, చెక్" అనగానే స్పీకరు కీచుమనేది, అందరూ చెవులు మూసుకొనేవారు, ఎవరో ఒకరు చప్పట్లు కొట్టేవారు.

ఒకసారి, పేరు గుర్తులేని ఏదో కొత్త బృందం పాడుతుండగా, రెండో పాట మధ్యలో గిటారు తీగ ఫట్‌మని తెగి ఆ కుర్రాడి చెంపకు తగిలింది. వేరే గిటారు తెచ్చుకొనే స్తోమత వాళ్ళకు లేదు. అతడు వేదిక అంచున చతికిలబడి, మోకాళ్ళ మీద గిటారు పడుకోబెట్టి, నోట్లో చిన్న టార్చి పట్టుకొని తెగిన ముక్కను పీకి, కొత్త తీగను వంతెన దగ్గర దూర్చి, బిరడాకు చుట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ వ్యవధిని నింపడానికి బేస్ వాయించేవాడు ఒకే నాలుగు స్వరాలను తిప్పి తిప్పి మీటాడు, డ్రమ్సు వాడు దాని వెనక మెల్లగా నడిచాడు, పాడే అమ్మాయి మాటలు లేని ఆలాపన ఏదో అందుకొంది. తీగ బిగిసేకొద్దీ దాని శ్రుతి మెల్లమెల్లగా పైకెక్కడం మాకు కూడా వినపడుతూనే ఉంది. అది సరైన స్వరం దగ్గరకు వచ్చేసరికి ఆ అమ్మాయి కూడా తన ఆలాపనను అక్కడికే తెచ్చి ఆపింది. గది గదంతా అరిచింది. మళ్ళీ ఆ పాట మొదటి నుంచి పాడారు గానీ, తీగ మార్చినంత సేపు పుట్టిన సంగీతం ముందు అది తేలిపోయింది. రికార్డింగుల్లో దొరకనిది ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతుంటాను.

అప్పట్లో రాత్రి 11:30 అయ్యేసరికి బార్లు, పబ్బులు మూసెయ్యాలి. బయట పోలీసు జీపు వచ్చి నిలబడితే ఆఖరి పాటను హడావుడిగా ముగించేవారు, కొన్నిసార్లు సగంలోనే ఆపేవారు. ఆపైన ఇల్లు చేరడం వేరే కచేరీ. వోల్వో బస్సులు ఆగిపోయి ఉండేవి, మీటరు మీద ఒకటిన్నర అని మొదలుపెట్టిన ఆటో అన్న రెట్టింపు దగ్గర నిలబడేవాడు, "నాళె ఆఫీస్ ఇద్యా సార్?" అని, రేపు ఆఫీసుందా అని, పరామర్శ కూడా చేసేవాడు. జేబులో ఇంకా డబ్బులుంటే ఎంపైర్ హోటలుకు పోయి, నేతి అన్నం, కబాబు తింటూ, విన్న పాటల మీద వాదులాడుకొని, తెల్లవారుజామున పీజీ గేటు దూకేవాళ్ళం.

పబ్బుల్లో పాట మీద పోలీసుల కన్ను వెనక ఒక చరిత్ర ఉంది. అమ్మాయిల చేత ఆడించే బార్లను కట్టడి చెయ్యాలని 2005లో బెంగళూరు పోలీసులు వినోద స్థలాల లైసెన్సులకు ఒక ఉత్తర్వు తెచ్చారు. అది రాసినవారి మనసులో గిటారు పిల్లలు ఉన్నారని నేననుకోను. కానీ వేదిక, మైకు, మద్యం ఒకే కప్పు కింద ఉంటే చాలు, అన్నిటికీ అదే నియమం. 2008లో దాన్ని గట్టిగా అమలు చెయ్యడం మొదలుపెట్టేసరికి ఎన్నో పబ్బులు లైసెన్సు తంటా ఎందుకని పాటనే మానుకొన్నాయి. నేను కచేరీలకు వెళ్ళడం మొదలుపెట్టిందే ఆ ఏడాది కాబట్టి, వచ్చేవారం ఉంటుందో ఉండదో తెలియని సంగీతాన్నే మొదటినుంచీ విన్నాను.

ఇండియన్ ఓషన్ బృందం ఢిల్లీది, 1990లో పుట్టింది. మేము వినేసరికే వారు పెద్దన్నలు. నేలమీద బాసిపెట్లు వేసుకొని తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి, పాటకు పాటకు మధ్య జోకులు వేస్తూ జనాన్ని కూర్చోబెట్టే బేస్ వాద్యకారుడు రాహుల్ రామ్, డ్రమ్సు దగ్గర అమిత్ కిలమ్, గిటారు మీద సుస్మిత్ సేన్. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్‌లో డాక్టరేటు చేసి, నర్మదా ఉద్యమంలో తిరిగి వచ్చినవాడు. నర్మద మీద వాళ్ళు పాడే "మా రేవా" ఆ లోయ జనం పాటే. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన "కందీసా"ను వాళ్ళు 2000లో అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌లో పాడారు. బెంగళూరులో ఆ పాట మొదలైతే మా మలయాళీ మిత్రుడు కళ్ళు మూసుకొనేవాడు. అది అతడికి చర్చిలో విన్న ప్రార్థన. మిగిలిన మాకు అందులో ఒక్క మాట కూడా అర్థం కాదు, అయినా పల్లవి దగ్గర గొంతు కలపని మనిషి ఉండేవాడు కాదు. అశీమ్ 2009 డిసెంబరులో పోయాడు. ఆ తరవాత కొత్తవారు చేరి బృందం నడిచింది, చక్కగానే నడిచింది. అయినా కొన్ని పాటల్లో ఆయన ఎత్తుకోవలసిన చోటు రాగానే జనంలోంచే ఒక గొంతుల గుంపు ముందుకొచ్చేది. అక్కడ వేదిక మీదివారు కాస్త వెనక్కి తగ్గేవారు. 2013లో సుస్మిత్ కూడా తప్పుకొన్నాడు. పాత బృందాన్ని విన్నామని కొత్తగా వచ్చినవారి దగ్గర కాస్త గొప్పలు పోవడం మాకు అలవాటయింది.

రఘు దీక్షిత్ తమ్ముడు వాసు దీక్షిత్ పాడే స్వరాత్మ వేరే దారి. వాసు కీలుగుర్రం వేషం నడుముకు కట్టుకొని వేదిక మీద గంతులు వేస్తుంటే, జాతరలో కీలుగుర్రాలు చూసిన మాకు అది ఇంటి పిలుపు. సరదాగా మొదలుపెట్టి చురక వేసి వదిలే బృందం అది. వాళ్ళ తొలి ఆల్బమ్ 2009లో వచ్చింది. అందులో కావేరి నది గోడును పలికే పాట ఒకటుంది. నా కోసం కొట్టుకొంటున్న మీరు నా దాహం సంగతి ఎప్పుడైనా అడిగారా అన్న ధోరణిలో సాగుతుంది. బెంగళూరులో నిలబడి కావేరి మీద పాడటం చిన్న విషయం కాదు. కన్నడిగులు, తమిళులు పక్కపక్కన నిలబడిన గదిలో ఆ పాట విన్నాను, ఎవరూ ఎవరి మొహం చూసుకోలేదు, పాట అయ్యాక చప్పట్లు కాస్త ఆలస్యంగా వచ్చాయి. 2016 సెప్టెంబరులో అదే నీళ్ళ పేరిట నగరంలో బస్సులు తగలబడ్డప్పుడు, ఆఫీసు నుంచి మమ్మల్ని మధ్యాహ్నమే పంపించేశారు. ఆ రోజు ఇంట్లో ఒక్కణ్ణే కూర్చొని ఆ పాటనే వింటూ ఉన్నాను.

ఆ ఏళ్ళన్నిటిలో ఒక్క రాత్రిని ఎంచుకొమ్మంటే మాత్రం ఫైర్‌ఫ్లైస్ రాత్రినే ఎంచుకొంటాను. కనకపుర రోడ్డులో దిన్నెపాళ్య దగ్గర ఫైర్‌ఫ్లైస్ ఆశ్రమం ఉంది. అక్కడ ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్టు కింద మెట్లు మెట్లుగా కట్టిన ఆరుబయలు వేదిక; ఆ రోజుల్లో ఏటా ఒక రాత్రి పొద్దుగూకాక మొదలై తెల్లవారేదాకా పాటే. మాకు శివరాత్రి జాగారం తెలుసు, తత్వాల రాత్రులు తెలుసు. గిటారుతో జాగారం అదే మొదలు. చాపలు, దుప్పట్లు, ఉల్లెన్ టోపీలు, ఫ్లాస్కులో టీ తీసుకొని పోయేవాళ్ళం. చలి వదలని రోజులు కావడంతో అర్ధరాత్రి దాటాక మెట్ల రాయి చల్లదనం చాప దాటి ఒంట్లోకి ఎక్కేది. ఒక బృందం దిగి మరొకటి ఎక్కేలోపు వేదిక వెనక ఏకతార సవరించుకొనే బావుల్ గాయకుడు (బెంగాలీ తత్వాలు పాడేవాడు), అతడి పక్కనే ఎలక్ట్రిక్ గిటారు తీగల మీద వేళ్ళు ఆడిస్తున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇద్దరూ ఒకే ప్లగ్గుబోర్డు దగ్గర కూర్చొని బీడీ నిప్పు పంచుకోవడం చూశాను.

రెండు మూడు గంటల ప్రాంతంలో సగం జనం నిద్రపోయేవారు. పాడేవారు దానికి చిన్నబుచ్చుకోకపోవడం నాకు నచ్చింది. కింది మెట్టు మీద తల్లి ఒడిలో పడుకొన్న పిల్లవాడు, వాడి పక్కన గడ్డం పెంచిన విదేశీయుడు, ఆపైన గొంగడి కప్పుకొని రెప్ప వెయ్యకుండా వింటున్న పక్క ఊరి రైతు. టికెట్ల పబ్బుల్లో ఆ రైతు ఎప్పటికీ కనిపించడు. కబీరు పదం ఒకటి మొదలైనప్పుడు ఆయన తన ఒళ్ళో అరచేత్తో తాళం వెయ్యడం గమనించి మాట కలిపాను. ఆయనకు హిందీ రాదట. "భజనె తానే, గొత్తాగుత్తె" అన్నాడు. భజనే కదా, తెలుస్తుందిలే అని. వెలుగు వచ్చాక మర్రి ఊడల మధ్య కాకులు మొదలుపెట్టాయి, ఆఖరి గాయకుడు వాటికి పోటీగా మరో చరణం పాడి దండం పెట్టాడు. కనకపుర రోడ్డు మీద ఇడ్లీ బండి దగ్గర అందరం కళ్ళు నులుముకొంటూ నిలబడ్డాం.

పెద్ద ఉత్సవాల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా లేదు. 2011 అక్టోబరులో ప్యాలెస్ గ్రౌండ్స్‌కు అమెరికా రాక్ బృందం మెటాలికా వచ్చినప్పుడు వెళ్ళాను, చీలమండ దాకా బురద, ముందు నిలబడినవాళ్ళ తలలు, దూరాన తెర మీద మనుషులు. 2012 డిసెంబరులో ఎన్‌హెచ్7 వీకెండర్ అనే సంగీతోత్సవం బెంగళూరుకు వచ్చినప్పుడు ఒకేసారి నాలుగైదు వేదికల మీద పాట నడుస్తుంటే, ఏది వదులుకోవాలో లెక్కలు వేసుకోవడంతోనే సరిపోయింది. బ్యాండ్లకు మంచి డబ్బు ముట్టిందంటే సంతోషమే.

అవియల్ బృందం రోజుల్లో నాకు చిక్కు వచ్చిపడింది. కేరళ నుంచి వచ్చి, మలయాళంలోనే, జానపదాల వాసనతో గట్టి రాక్ పాడే బృందం. వారి ఆల్బమ్ కూడా 2008లోనే వచ్చింది. వాళ్ళ కచేరీ అంటే నగరంలోని మలయాళీలంతా ఒక్కచోట చేరేవారు, మా మిత్రుడు గొంతు పోయేలా అరిచి, బయటికి వచ్చాక దావణగెరె కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి నా వంక తిరిగి, "మీ తెలుగులో ఎవరున్నారు గురూ?" అన్నాడు. ఎంపైర్‌లో ప్లేట్లు వచ్చేదాకా నేను జవాబు వెతుక్కొంటూనే ఉన్నాను. వాద్యకారుల కొరత మనకు ఎన్నడూ లేదు. కాస్త చెయ్యి తిరిగినవాణ్ణల్లా సినిమా లాగేసుకొంటుంది, పాటకు కూలి దొరికే చోటు అదొక్కటే కాబట్టి వాణ్ణి తప్పు పట్టడానికీ లేదు. ఇది చెబితే, "మరి మీ జానపదం ఎక్కడ వింటారు?" అని దావణగెరె వాడు అడిగాడు. అప్పుడు వంగపండు గురించి, గద్దర్ గురించి, గోరటి వెంకన్న గురించి చెప్పాను. డప్పు, గజ్జె, భుజాన గొంగడి, టికెట్టు లేని మైదానం, వేలల్లో జనం, పాట అయ్యాక ఇంటికి కాక ఊరేగింపులోకి నడిచే శ్రోతలు. మాది కూడా ప్రత్యక్ష పాటే, కాకపోతే అది పబ్బులోకి కాక ఉద్యమంలోకి పోయిందని చెప్పేసరికి ఇద్దరూ తినడం ఆపి విన్నారు. ఆ రాత్రి ఫోనులో వెంకన్న పాట ఒకటి వెతికి పట్టి, పక్క బల్లవాళ్ళు విసుక్కొనేదాకా వినిపించాను. ఆ వారమే నాయనమ్మకు ఫోను చేసి, తత్వాలు పాడమని అడిగితే, "బెంగుళూరులో పనేం లేదా నాయనా?" అని నవ్వి, రెండు పాడింది. రికార్డు చేసుకొన్నాను. ఆమె ఇప్పుడు లేదు.

2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ 2005 ఉత్తర్వును సమర్థించింది. ఆ ఏడాది ఇందిరానగర్‌లో వేదికలు ఒకదాని వెనక ఒకటి పాట ఆపుకొన్నాయి, కొన్ని డీజేలతో సరిపెట్టుకొన్నాయి. కింది ఇళ్ళవారి ఫిర్యాదులు కూడా అబద్ధం కావు. పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంటి నెత్తిన రాత్రి పదకొండింటికి బేస్ గిటారు మోగితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది. దాని చివరి రోజుల్లో వెళ్తే, తలుపు దగ్గర ముద్ర కొట్టే కుర్రాడు మా ముగ్గురికీ రెండు చేతుల మీదా కొట్టి పంపాడు. ఆపైన కరోనా వచ్చింది. దావణగెరె వాడు ఊళ్ళో వక్క తోట చూసుకొంటున్నాడు, మలయాళీ మిత్రుడు డబ్లిన్‌లో ఉన్నాడు, నేను హైదరాబాదు బదిలీ చేయించుకొన్నాను.

తెలుగులో ఎవరున్నారన్న ఆ ప్రశ్నకు హైదరాబాదులో జవాబు కాస్త కాస్తగా తయారవుతున్నట్టుంది. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ ఆవరణలో రాతి గోడల మధ్య నేలమీద కూర్చొని, చాయ్ తాగుతూ పాట వినొచ్చు. చౌరస్తా బృందం తెలుగు పలుకుబడితోనే సొంత పాటలు కట్టి జనంలోకి పోయింది. అందులో పాడిన రామ్ మిరియాలను ఆనక సినిమా పిలుచుకొంది, అది కూడా మన పద్ధతే. కిందటి నెల ఒక చిన్న కచేరీలో పాతికేళ్ళు నిండని పిల్ల ఒకతె గిటారు పట్టుకొని బ్రహ్మంగారి తత్వం ఎత్తుకొంది. శ్రుతి ఒకచోట జారింది, మాట ఒకచోట తప్పింది. తరవాత దగ్గరికి పోయి మా నాయనమ్మ పాడే పాఠంలో ఆ పాదం వేరుగా ఉంటుందని చెబితే, "అంకుల్, మీ దగ్గర రికార్డింగ్ ఉంటే పంపరా?" అని నంబరు రాసుకొంది. వాట్సాప్‌లో పంపించాను. వచ్చే కచేరీ ఏడింటికట. ఎనిమిదిన్నరకు పోతే సరిపోతుంది.